తడబడిన చోట గీత

బడి నుంచి రాగానే అమ్మాయి బూట్లను ఓ మూలకి తన్నేసి, గ్లాసుడు పాలు నిలబడే తాగేసి, మూతి మీది తెల్ల మీసం తుడుచుకోకుండానే కాగితాల కట్ట అందుకుంది.

"ఎక్కడ ఆపాం పిన్నీ? బావిలోంచి చెయ్యి పైకొస్తుందే, అక్కడేనా?"

"అది అయిపోయింది. ఇవాళ తర్వాతి అధ్యాయం" అంది రచయిత్రి పెన్సిలు చెక్కుకుంటూ. "ముందే తిప్పి చూడకు."

"చూడనులే. నీ రూలు నాకు తెలీదా ఏంటి."

రూలు పాతదే. రాసినదాన్ని తనే చదువుకుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే వినిపిస్తుంది. ఎవరి గొంతు వాళ్ళ తప్పుల్ని వెనకేసుకొస్తుంది. అందుకని ఆమె ఏ పుస్తకాన్నయినా ఇంకొకరి చేత పైకి చదివించుకుని వింటుంది. చదివేవాళ్ళకి ముందుగా ఏమీ చెప్పదు. తన ముందో ప్రతి పెట్టుకుని, అవతలివాళ్ళ నాలుక ఎక్కడ తడబడితే అక్కడ గీత పెడుతుంది. తప్పు నాలుకది కాదు, వాక్యానిది. గీత పడ్డ వాక్యాన్ని మర్నాడు పొద్దున్నే విరగ్గొట్టి మళ్ళీ కడుతుంది. ఇదివరకు మేడ మీద అద్దెకుండే రేడియో ఆయన చదివిపెట్టేవాడు. పాపం మంచివాడే, కానీ ప్రేమలేఖ చదివినా వరద వార్తలా ఉండేది. ఈ నవల మొదలుపెట్టినప్పట్నుంచి అమ్మాయే చదువుతోంది. పద్నాలుగేళ్ళవాళ్ళ కోసం రాస్తున్న పుస్తకాన్ని పద్నాలుగేళ్ళ పిల్ల చదివిపెడుతుంటే ఇంకేం కావాలి?

కథ అందరూ చిన్నప్పుడు విన్నదే. పడవవాడి రెండో భార్య సవతి కూతురి జుట్టు కోసి బావిలో పారేస్తుంది. జుట్టు నీళ్ళలో తీగలా అల్లుకుని, చేద వేసిన ప్రతివాళ్ళకీ జరిగింది చెప్పేస్తుంది. మాట రాజుదాకా పోతుంది. రాజు సవతి తల్లిని అదే బావిలోకి తోయిస్తాడు. ఆ చివరి ముక్కకి పిల్లలు చప్పట్లు కొడతారు. రచయిత్రి ఆ కథని బోర్లించి రాస్తోంది. ఆమె నవల్లో సవతి తల్లి నీటి అడుగు రాజ్యం నుంచి పారిపోయి వచ్చిన మంత్రగత్తె, తన మంచితనం ఎవరితోనూ చెప్పుకోలేని మనిషి. దుర్మార్గుడు రాజు. వాడు పిల్ల జుట్టులో మంత్రం దాచాడు. ప్రతి వెంట్రుకా ఒక చెవి. పిల్ల మనసులో ఏమనుకున్నా వాడికి వినిపిస్తుంది.

అమ్మాయి బల్ల చుట్టూ తిరుగుతూ చదివింది. కూర్చుంటే గొంతు రాదంటుంది. కథలోని కాకికి వాళ్ళ హెడ్‌మిస్ట్రెస్ గొంతు పెట్టింది. రాజుకి జలుబు తగిలించింది.

"రాజుకి జలుబని నేనెక్కడ రాశాను?"

"అంతమంది ఆలోచనలు తెల్లార్లూ వింటూ కూర్చుంటే నిద్రేది పిన్నీ? జలుబు చెయ్యదా పాపం?"

రచయిత్రి నవ్వి, కాగితం అంచున 'జలుబు' అని రాసుకుంది. ఆ పిల్ల నోట్లోంచి రాలిన మాటలు ఈ పుస్తకంలోకి చాలానే చేరాయి. ముక్కు రుద్దుకోవడం, కోపమొస్తే కుర్చీని కాలితో జరపడం కూడా చేరాయి. అమ్మాయి వాటిని చదువుతున్నప్పుడు గుర్తుపట్టి, "దొంగా" అని వేలు చూపించేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

పేజీ తిరిగింది. "'పడవవాడి కూతురు కత్తెర తీసుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది'" అని చదివింది అమ్మాయి. "'అమ్మా, నువ్వే కత్తిరించు, అంది. ఈ బరువు నేనింక మొయ్యలేను. ఆమె వద్దంది. పిల్ల వినలేదు. జడని తనే పట్టుకుని...'"

అక్కడ ఆగింది. గొంతు సవరించుకుంది.

"'జడని తనే పట్టుకుని కత్తెర నోటికి అందించింది. ఆ ఇంట్లో మొదటిసారి నవ్వింది.'"

హెడ్‌మిస్ట్రెస్ లేదు, జలుబు లేదు. అచ్చం రేడియో ఆయనలాగే చదివేసి, ఆ పేజీని కట్ట అడుక్కి తోసేసి, తర్వాతి పేజీలో మళ్ళీ గొంతు తెచ్చుకుంది.

రచయిత్రి గీత పెట్టింది. "'కత్తెర నోటికి' దగ్గర కష్టంగా ఉందా?"

"ఏమో పిన్నీ. నోరెండిపోయింది."

మెడదాకానే ఉన్న జుట్టుని చెవుల వెనక్కి తోసుకుని, అమ్మాయి మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు ప్రచురణ సంస్థలో ఎడిటర్ ఆమెను కుర్చీలో కూడా కూర్చోనివ్వకుండా గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. ముందే పంపిన మొదటి ప్రతి చూసి వేయించిన పుస్తకం అట్ట గోడకి అంటించి ఉంది. బావి గట్టు మీద ఓ పిల్ల నిలబడి, కత్తెరని కత్తిలా పైకెత్తింది. తెగిన జడ గాలిలో నీళ్ళయిపోతోంది.

"ఎలా ఉంది? బొమ్మలాయన ఈ ఒక్క సీనూ చదివి గీసేశాడండీ. మిగతాది చదవలేదనుకోండి, ఆయనెప్పుడూ అంతే, అది వేరే విషయం."

"బాగుంది."

"బాగుంది కాదండీ, ఈ సీనే పుస్తకం. సవతి తల్లి జుట్టు కోసిందంటే పాత కథ. పిల్లే తెచ్చి కత్తెర చేతిలో పెట్టిందంటే, అబ్బ! నాకు ఒళ్ళు జలదరించింది. అసలెలా తట్టింది మీకు?"

ఊరికే తట్టింది అని ఉంటే సరిపోయేది. ఎన్నో ప్రశ్నలకి అలాగే చెప్పి తప్పించుకుంది ఇన్నేళ్ళూ. కానీ ఆ అట్ట ముందు, ఎడిటర్ కళ్ళలో ఆ మెరుపు ముందు, ఇంకా ఏదో ఇవ్వాలనిపించింది.

"మా ఇంట్లో జరిగిందే" అంది. "మా అమ్మాయే అడిగింది, కిందటేడు. కత్తిరించమని."

"నిజంగానా!" ఎడిటర్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఆ మాట వెనక అట్ట మీద వేసేద్దాం. కన్నతల్లి కూడా కాదు, సవతి... సారీ అండీ, నా ఉద్దేశం..."

"పర్వాలేదు. కానీ వెనక అట్ట మీద వద్దు."

"సిగ్గుపడతారేంటండీ ఇలాంటి విషయాలకి!" అని నవ్వింది ఎడిటర్. "సరే. అయితే ఒక్క మాట. ఆ నాలుగు వాక్యాలూ ఎందుకో కాస్త పొడిగా ఉన్నాయి. సీను గొప్పది, మాటలు దానికి తగ్గట్టు లేవు. ఓసారి చూడరూ?"

మెట్లు దిగుతుంటే చెవులు వేడిగా ఉన్నాయని తెలిసింది. గోడకి ఓ పక్కగా ఆగి, సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు నటించింది. మెట్ల మీద ఎవరూ లేరు. ఎవరి కోసం నటిస్తోందో ఆమెకే తెలీలేదు.

అమ్మాయి అడగలేదు. సంగతి అంతే. కిందటేడు ఓ పొద్దున చిరాకులో రచయిత్రే ఆ జుట్టు కత్తిరించింది. సాయంత్రం తండ్రి తలుపు తీసుకుని వచ్చి, కూతుర్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోతే, "నేనే అడిగాను నాన్నా" అంది అమ్మాయి. రచయిత్రి పక్కనే ఉంది. నోరు తెరిచింది. మూసింది. అదేమిటో, ఆ క్షణంలో ఆమెకి సిగ్గుకన్నా ముందు సంతోషం కలిగింది. ఈ పిల్ల నన్ను కాపాడింది, ఈ పిల్ల నన్ను ఒప్పుకుంది అనుకుంది. ఆ సంతోషంలోంచే ఈ పుస్తకం మొలిచింది. అబద్ధం నేనాడింది కాదు, నేను దాన్ని మళ్ళీ చెప్పానంతే, అని మెట్ల మీద తనకి తను సర్దిచెప్పుకుంది. మళ్ళీ చెప్పడం కూడా ఎంత నున్నగా వచ్చిందో గుర్తొచ్చి, సంచి మూసి, దిగిపోయింది.

అయినా వాక్యాల్ని మార్చింది. చేతనైన పని అదే కదా. కత్తెర నోరు తీసేసింది. వెన్నెల పెట్టింది. అమ్మాయి చదివింది, అక్కడికొచ్చేసరికి మాట మింగింది. వెన్నెల తీసేసి, వాక్యాల్ని చిన్నవి చేసింది. మర్నాడు సాయంత్రం అమ్మాయి బల్ల చుట్టూ తిరుగుతూ, నీటి రాజ్యం సైన్యం వచ్చే ఘట్టాన్ని ఊపిరి తిప్పుకోకుండా చదివి, ఆ పేజీ రాగానే కాళ్ళు ఆపేసింది.

"'అమ్మా, నువ్వే... నువ్వే కత్తిరించు.'"

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. తండ్రి లోపలికొచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. బట్టలకి గ్రీజు వాసన, చొక్కా జేబులో టెస్టరు.

"ఆపకండి, ఆపకండి. నేను లేననుకోండి" అని బూట్లు చేత్తో పట్టుకుని, పిల్లిలా వచ్చి గోడవార కూర్చున్నాడు. కూర్చున్నాక మాత్రం ఆగలేకపోయాడు. "ఇవాళ ఓ లాయరుగారు ఇరుక్కున్నారు లిఫ్టులో. నేను పైకి లాగుతుంటేనే, కేసు వేస్తా నీ మీద అని అరుపు. సార్, కేసు వెయ్యాలన్నా ముందు బయటికి రావాలి కదా సార్, అన్నాను. అప్పుడు తగ్గాడు."

అమ్మాయి పకపకా నవ్వింది. "నాన్నా, నువ్వు లేననుకోమన్నావ్."

"లేను, లేను. చదువు పిట్టా."

పిట్ట చదివింది. వేరే దారి లేక చదివింది. పిల్ల కత్తెర తెచ్చి ఇవ్వడం, పట్టుబట్టడం, నవ్వడం. తండ్రి మెడ చాచి విన్నాడు. అయిపోగానే నేల మీద చేత్తో చరిచాడు.

"అరె, ఇది మన పిట్టే! నువ్వేగా అలా అడిగింది పిన్నిని?"

"అవును నాన్నా."

"పెట్టేశావా మా దాన్ని పుస్తకంలో!" అన్నాడు రచయిత్రి వైపు తిరిగి. ఆయన ముఖం వెలిగిపోతోంది. "నిజం చెప్పనా? ఆ రోజు దీన్ని చూడగానే నాకు గుండె జారిపోయింది. నువ్వు రాకముందు జడ నేనే వేసేవాణ్ణి కదా రోజూ. ఓ పాయ లావు, ఓ పాయ సన్నం."

"బళ్ళో తోక అనేవాళ్ళు" అంది అమ్మాయి.

"అన్నారా? చెప్పలేదే నాకు! సరే, ఏం చెబుతున్నాను... ఆ, తనే అడిగిందని తెలిశాక కుదుటపడ్డాను. అడగ్గలిగిందంటే వీళ్ళిద్దరికీ కుదిరిందిరా బాబూ అనుకున్నాను. ఆ రాత్రే ఎన్నాళ్ళకో నిద్రపట్టింది నాకు."

రచయిత్రి తల దించుకుని కాగితం వైపు చూసింది. తెలీకుండానే పెన్సిలు గీత పెట్టేసింది. పక్కనే పాత ప్రతులున్నాయి. వెన్నెల ఉన్నది, లేనిది. మాటలన్నీ వేరు, గీత మాత్రం ప్రతిసారీ అక్కడే. వాక్యం తప్పని, వాక్యాన్ని పట్టుకుని వాయించింది ఇన్నాళ్ళూ. ఆ పిల్ల చేత, ఆ పిల్ల నోటితోనే, జరగనిదాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పించింది. పైగా సరిగ్గా పలకడం లేదని గుర్తులు కూడా పెట్టింది. తల కొట్టేసినట్టయింది ఆమెకి. టీ పెడతానని లేచి, వంటింట్లో చాలాసేపు పొయ్యి వెలిగించకుండా నిలబడింది.

పొద్దున తండ్రీ కూతుళ్ళు వెళ్ళిపోయాక బల్ల ముందు కూర్చుని, ఉన్నది ఉన్నట్టు రాయడం మొదలుపెట్టింది. కాగితాలు కత్తిరించే కత్తెరని చేపల వల కోసే కత్తెరగా మార్చింది. ముక్కాలిపీటని పడవ చెక్క చేసింది. అంతే, మిగతాదేదీ ముట్టుకోలేదు.

ఎన్ని గుర్తున్నాయో చూసి ఆశ్చర్యపోయింది. కిందటేడు ఆ పొద్దున అచ్చుకి వెళ్ళాల్సిన కాగితాలు బల్ల మీద ఎదురుచూస్తున్నాయి. పిల్ల పీట మీద, ఆమె మోకాళ్ళ మధ్య కూర్చుంది. ఎడమ చెవి వెనక చిక్కు. దువ్వెన ఇరుక్కుని పన్ను విరిగింది. కదలకు అన్నానా. కదల్లేదు పిన్నీ. ఆ మాటకి ఎందుకంత కోపమొచ్చిందో ఇప్పటికీ తెలీదు, నిజంగానే పిల్ల కదల్లేదు కాబట్టేమో. కత్తెర అందుకుంది. కాగితానికి అలవాటుపడ్డ కత్తెర జుట్టుని తెంచలేక నమిలింది. ఒక పక్క పోయాక రెండో పక్క ఉంచి ఏం లాభం? దాన్నీ నమిలించింది. పిల్ల రెండు చేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది, ఎవరైనా ఏదైనా ఇస్తారేమో అన్నట్టు. అయిపోయాక తనే వంగి, నేల మీది జుట్టంతా ఏరి, రొట్టె కాగితంలో చుట్టి, చెత్తబుట్టలో వేసి బడికి వెళ్ళింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే దగ్గరికి తీసుకునేదేమో. ఏడవకపోవడం కూడా ఆ పొద్దున పొగరులాగే కనిపించింది.

మొదట ఒక్కో వాక్యానికీ ఆగి ఆగి రాసింది. రెండో పేజీకి చెయ్యి సాగింది. మూడో పేజీకి ఆమె హుషారుగా ఉంది. ఎప్పుడో చిన్నప్పుడు పరీక్ష బాగా రాస్తున్నానని తెలిసినప్పటి హుషారు అది. 'కదల్లేదు పిన్నీ' దగ్గర కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళ వెనకే, బాగా వచ్చింది అన్న ఆలోచన కూడా తిరిగింది. ఎవరు రాస్తారు ఇలా తమ గురించి? ఎడిటర్ చదివి కుర్చీలోంచి లేస్తుంది. అట్ట మార్చమంటే మారుస్తుంది. అమ్మాయి చదువుతూ చదువుతూ ఆగి, కాగితాలు పక్కన పెట్టి, వచ్చి ఒళ్ళో తల పెడుతుంది. అప్పుడు తను, ముందుగా ఏమీ అనకుండా, ఆ కురచ జుట్టు మీద చెయ్యి వేస్తుంది. చెయ్యి ఎలా వెయ్యాలో కూడా ఊహించుకుంది. నిన్న పొయ్యి ముందు నిలబడ్డ మనిషి ఈమెనా అనిపించేంత తేలిగ్గా ఉంది ఒళ్ళు.

సాయంత్రం అమ్మాయి పాలు తాగి, మూతి తుడుచుకుని, కట్ట అందుకుంది.

"మళ్ళీ మార్చావా?"

"మార్చాను. ఈసారి చదువు."

పెన్సిలు పట్టుకుంది కానీ కాగితం చూడలేదు. అమ్మాయినే చూస్తోంది. అమ్మాయి రెండు వాక్యాలు నడుస్తూ చదివింది. మూడో వాక్యంలో నిలబడిపోయింది. అక్కణ్ణుంచి కదల్లేదు. చిక్కు, దువ్వెన, విరిగిన పన్ను. కత్తెర నమలడం. గొంతు పెంచలేదు, తగ్గించలేదు, ఎవరినీ అనుకరించలేదు. చివరిదాకా ఒక్కచోట, ఒక్క అక్షరం దగ్గర కూడా నాలుక తడబడలేదు. చదవడం అయ్యాక కాగితాల అంచులు సమంగా సర్ది, బల్ల మీద పెట్టింది.

"ఇది వద్దు పిన్నీ."

రచయిత్రికి అర్థం కాలేదు. ఒళ్ళో చేతులు సిద్ధంగానే ఉన్నాయి. "ఎందుకమ్మా? జరిగింది ఇదే కదా?"

"అందుకే."

"తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను ఇందులో."

"ఎవరి దగ్గర? పుస్తకం కొనుక్కున్నవాళ్ళ దగ్గరా?"

"నీ దగ్గర."

"నాకు తెలుసు కదా" అంది అమ్మాయి. కోపంగా కాదు, చిన్నపిల్లకి లెక్క విడమరిచి చెప్పినట్టు. "నేనక్కడే ఉన్నాను."

బయట ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు.

"నాన్న నీ పుస్తకాలన్నీ చదువుతాడు" అంది అమ్మాయి. "లిఫ్టు మిషన్ రూంలో కూర్చుని, ఒక్కో పేజీ రెండేసి సార్లు. అందరికీ చూపిస్తాడు కూడా. నిన్న విన్నావుగా. ఇది చదివి కూడా, అరె మన పిట్టే అంటాడు. అప్పుడేం చెబుతావ్?"

"నేనే చెబుతాను ఆయనకి. పుస్తకం దాకా ఎందుకు, ఇవాళే చెబుతాను. ఎప్పుడో చెప్పాల్సింది. నువ్వు నా కోసం అబద్ధమాడితే నేను..."

"నీ కోసమా?"

అమ్మాయి ముఖంలో ఉన్నది ఆశ్చర్యమే, ఇంకేమీ కాదు. రచయిత్రి అక్కడ ఎంత వెతికినా ఇంకేమీ దొరకలేదు.

"నీ కోసమని అనుకున్నావా పిన్నీ, ఇన్నాళ్ళూ?"

ఆమె చేతులు ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు రాకముందు నాన్న ఎలా ఉండేవాడో నువ్వు చూళ్ళేదు" అంది అమ్మాయి, కుర్చీని కాలితో కాస్త జరిపి కూర్చుంటూ. "డ్యూటీ నుంచి వచ్చి, ఆ బట్టలతోనే కూర్చుండిపోయేవాడు. చీకటి పడ్డా లైటు వేసేవాడు కాదు. నేనేం చెప్పినా ఊఁ అనేవాడు. పొద్దున జడ వేసేటప్పుడు మాత్రమే మాట్లాడేవాడు. నువ్వొచ్చాక జోకులేస్తున్నాడు. ఆ రోజు తలుపు తీసి నన్ను చూశాడా, ముఖం మళ్ళీ అలాగే అయిపోతోంది. నా కళ్ళముందే. ఇంక ఏది తోస్తే అది అనేశాను. అంతే."

అంతే. రచయిత్రి బల్ల మీది కట్ట వైపు చూసింది. మంత్రగత్తె, నీటి అడుగు రాజ్యం, వెంట్రుకకో చెవి. ఆ ఒక్క మాట మీద కట్టిన కోట. కట్టడానికి ముందు ఆ మాట ఎవరి కోసం అన్నావని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని కూడా తోచలేదు, తన కోసం కాక ఇంకెవరి కోసం అవుతుంది? పొద్దున రాసిన ఈ నిజం కూడా అంతే. అందులోనూ పిల్ల వచ్చి ఒళ్ళో తల పెట్టాలి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, పెన్సిలు మొన వంక చూస్తూ కూర్చుంది.

"నీ మీద కోపం లేదు నాకు" అంది అమ్మాయి. ఆలోచించి, "అంటే, అస్తమానూ ఉండదు" అంది.

"పాతదే ఉంచమంటావా అయితే?"

"ఉంచు. అది నేను చెప్పిందే కదా. నాన్నకి నచ్చింది." కొత్త పేజీలు తీసి ఆమె వైపు జరిపింది. "ఇవి నువ్వు ఉంచుకుంటావో, చింపేస్తావో నీ ఇష్టం. పుస్తకంలో వద్దు. అది ఒక్కటే."

"సరే."

"ఎడిటర్ ఆంటీకి కూడా చూపించకు."

ఆ మాట తగిలినంతగా ఇంకేదీ తగల్లేదు. "చూపించను" అంది.

"ఒట్టు?"

"ఒట్టు."

అమ్మాయి పాత పేజీ వెతికి తీసింది, వెన్నెల లేనిది. ఒకసారి చూసి బల్ల మీద పెట్టింది. "కానీ నేనిది చదవను పిన్నీ. దీనికి నాకు గొంతు రావట్లేదు. నువ్వు చదువు, గీతలు నేను పెడతాను." చెయ్యి చాచింది. రచయిత్రి పెన్సిలు ఇచ్చింది.

నవల మీద నవల రాసిన ఆ బల్ల దగ్గర ఆమె ఎప్పుడూ అలా నిలబడలేదు. కుర్చీలో అమ్మాయి ఉంది, ముందు ప్రతి, చేతిలో పెన్సిలు. ఆమె బల్ల చుట్టూ నడవబోయి, నడుస్తూ చదవడం తనకి రాదని తెలుసుకుని, ఓ మూల ఆగింది. సైన్యం వరకూ బాగానే చదివింది. కాకి మామూలు కాకిలాగే వచ్చింది. తలుపు చప్పుడైంది. తండ్రి బూట్లు చేత్తో పట్టుకుని లోపలికొచ్చి, తారుమారైన మనుషుల్ని చూసి కనుబొమలెగరేశాడు.

"ఏంటీ, ఇవాళ టీచరమ్మ నువ్వా?"

"నాన్నా, నువ్వు లేవు."

"లేను" అని గోడవార కూర్చున్నాడు.

"'పడవవాడి కూతురు కత్తెర తీసుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది'" అని చదివింది రచయిత్రి. "'అమ్మా... నువ్వే కత్తిరించు, అంది.'"

పెన్సిలు చప్పుడు వినిపించింది. ఆమె ఆగింది.

"మళ్ళీ" అంది అమ్మాయి. "అమ్మా దగ్గర తడబడ్డావు."

మళ్ళీ చదివింది. 'అమ్మా' గట్టెక్కింది కానీ 'నవ్వింది' దగ్గర ఊపిరి చాల్లేదు. గీత పడింది. తండ్రి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. "టీచరమ్మ గట్టిదే. నీ పని అయిపోయింది ఇవాళ."

"మళ్ళీ పిన్నీ. మొదట్నుంచి."

అమ్మాయి గొంతులో వెక్కిరింపు లేదు. పని చేస్తున్న మనిషి గొంతు అది. ఆమె ఆ గొంతుని గుర్తుపట్టింది. కాగితం కాస్త దూరంగా పట్టుకుని, భర్త ముఖం కనిపించకుండా పక్కకి తిరిగి, మొదట్నుంచి అందుకుంది. ఈసారి ఎక్కడా ఆగలేదు. కత్తెర ఒళ్ళో పడింది. 'అమ్మా, నువ్వే కత్తిరించు' అన్న మాట పుట్టినప్పట్నుంచి ఆమె నోట్లో ఉన్నదే అన్నంత నున్నగా బయటికొచ్చింది. పిల్ల పట్టుబట్టింది. పిల్ల నవ్వింది.

"భలే!" అన్నాడు తండ్రి.

ఆమె తల తిప్పి అమ్మాయి చేతి వంక చూసింది. గీత పడితే బాగుండుననిపించింది. పెన్సిలు కాగితానికి కాస్త ఎత్తున నిలిచి ఉంది.

"ఇప్పుడు సరిగ్గా వచ్చింది పిన్నీ" అంది అమ్మాయి, పేజీ తిప్పుతూ. "తర్వాతిది చదువు."